బంతి తెస్తాడు, చేతికివ్వడు

మా కుక్క నల్లోడికి మేం నేర్పిన మొదటి విద్య చెప్పు ఎత్తుకుపోవడం. నేర్పుతున్నామని మాకు తెలియదు, అది వేరే సంగతి. మూడు నెలల పిల్లగా వీధిలోంచి ఇంటికి చేరినవాడు ఒకరోజు గుమ్మం దగ్గరున్న నాన్న హవాయి చెప్పును నోట కరుచుకుని పెరట్లోకి ఉరికాడు. నాన్న కేకలేస్తూ వెంటపడ్డారు, అమ్మ చీపురు అందుకుంది, నేను నవ్వుతూ అడ్డం తిరిగాను. వాడి వైపు నుంచి చూడండి. అప్పటిదాకా ఎవరి పనుల్లో వాళ్లున్న ఇల్లు, ఒక్క చెప్పు నోట పెట్టేసరికి మొత్తంగా వాడితో ఆటకు దిగింది. కుక్కపిల్లకు ఇంతకన్నా పెద్ద తాయిలం ఏముంటుంది? మర్నాడు రెండో చెప్పు పోయింది.

రెండు నెలల తర్వాత అదే నల్లోడికి బంతి విసిరి "తే" అన్నాను. పరుగెత్తాడు, పట్టాడు, నా వైపు నాలుగడుగులు వేశాడు. నేను చెయ్యి చాపగానే తప్పుకుని మందారం చెట్టు వెనక్కి. నేను ఒకడుగు వేస్తే వాడు రెండడుగులు. నోట్లో ఏదైనా ఉంటే మనుషులు వెంటపడతారని, చెయ్యి చాచారంటే ఆట మొదలైనట్టేనని వాడికి చెప్పుల కాలం నుంచీ తెలుసు. మాట వినడం లేదని మనం తిట్టుకునే కుక్క చాలాసార్లు మనమే తెలియక నేర్పిన పాఠాన్ని తు.చ. తప్పకుండా అప్పజెబుతూ ఉంటుంది.

బంతి తెచ్చివ్వడం చూడటానికి ఒక్క పనే. విప్పి చూస్తే ఐదారు పనులు: పోయేదాన్ని చూడాలి, తరమాలి, నోటితో పట్టాలి, వెనక్కి తిరగాలి, మన దాకా రావాలి, చివరికి వదలాలి. మొదటి మూడూ కుక్కకు ఎవరూ నేర్పక్కర్లేదు. చివరి మూడూ నేర్పకపోతే రావు. మనమేమో బంతి విసరడంతో, అంటే దానికి వచ్చిన దగ్గరే మొదలుపెట్టి, రాని దగ్గర ఆగిపోతాం. నేనైతే మూడు నెలలు ఇలాగే వృథా చేశాక, దీనికన్నా చిన్న విద్య ఒకటి ముందు నేర్పాలని తెలుసుకున్నాను. అరచేయి చూపిస్తే ముక్కుతో వచ్చి తాకడం. పిల్లచేష్టలా కనిపించే ఈ తాకుడుకు పెద్ద చరిత్రే ఉంది.

1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆకలిగా ఉన్న పిల్లులను చెక్కపెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచి, అవి ఎలా బయటపడతాయో గమనించాడు. తాడు లాగితేనో, మీట తొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గోకుతుంది, కొరుకుతుంది, అటూ ఇటూ దూకుతుంది, ఏదో ఒక క్షణంలో అనుకోకుండా మీట మీద కాలు పడుతుంది. మళ్లీ పెడితే కాస్త తొందరగా, ఇంకోసారి పెడితే ఇంకాస్త తొందరగా బయటపడుతుంది. ఒక్కసారిగా బుర్రలో దీపం వెలిగినట్టు కాదు, పనికిరాని చేష్టలు ఒక్కొక్కటే రాలిపోయి, ఫలితమిచ్చిన చేష్ట మిగులుతుంది. తర్వాత వచ్చిన మరో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఈ సూత్రాన్ని ప్రయోగశాలలో ఎలుకల మీద, పావురాల మీద సానబెట్టాడు. 1951లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో, ఇంట్లో ఉండే కుక్కకు మామూలు మనుషులు ఎలా నేర్పవచ్చో ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన ఎంచుకున్న ఉదాహరణ ఏమిటో తెలుసా? కింది అల్మారా పిడిని కుక్క ముక్కుతో తాకడం.

దానికి ఆయన వాడమన్న పనిముట్టు కూడా చిన్నదే, నొక్కితే టిక్కుమనే రేకు బొమ్మ. మన తిరనాళ్లలో కప్ప ఆకారంలో అమ్మేవాళ్లే, ఇంచుమించు అదే. కుక్క అల్మారా వైపు తిరిగితే టిక్, ఒక తిండి ముక్క. ఒకడుగు వేస్తే టిక్, ముక్క. దగ్గరికెళ్తే, ముక్కు చాస్తే, చివరికి తాకితే. కావలసిన పనికి కొంచెం దగ్గరగా వచ్చిన ప్రతి చేష్టకూ కూలి ఇస్తూ, కుండను సారె మీద మలిచినట్టు పనిని మలచడమే ఆ పద్ధతి.

టిక్కు ఎందుకు, నేరుగా తిండే పెట్టొచ్చు కదా అని నేనూ అనుకున్నాను. మొదటి రోజే తెలిసొచ్చింది. నల్లోడు ముక్కు తాకించింది అరక్షణం. నేను జేబులో చెయ్యి పెట్టి ముక్క తీసేసరికి వాడు కూర్చున్నాడు, గోడ మీది కాకిని చూశాడు, చెవి గోక్కున్నాడు. కూలి దేనికిచ్చినట్టు? తాకినందుకా, గోక్కున్నందుకా? చప్పుడైతే ఆ అరక్షణాన్నే పట్టి చూపిస్తుంది. 'నువ్వు ఇప్పుడు చేశావే, అదీ, దానికి కూలి వస్తోంది' అని చెప్పినట్టు.

చప్పుడుకు అంత విలువ ఎలా వస్తుందో తెలియడానికి పావ్లోవ్ దాకా వెళ్లాలి. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న ఆ రష్యన్ శాస్త్రవేత్త, తిండికి ముందు వినిపించే చప్పుడుకు కూడా కుక్కకు లాలాజలం ఊరుతుందని చూపించాడు. ఇది మన వంటింట్లో రోజూ జరిగేదే. బిస్కెట్ల డబ్బా మూత చప్పుడుకు పక్కగదిలో నిద్రపోతున్న కుక్క లేచొస్తుంది. మీరు వాడే చప్పుడు కూడా అలా కావాలి. చప్పుడు, వెంటనే ముక్క. చప్పుడు, వెంటనే ముక్క. ఓ పదిహేను ఇరవైసార్లకు కుక్క చప్పుడు విని మీ చేతి వైపు చూడటం మొదలుపెడుతుంది. అప్పుడు ఆ చప్పుడుకు చెల్లుబాటు వచ్చినట్టు. క్లిక్కర్ అనే ఆ టిక్కు పనిముట్టు కొనకపోయినా నష్టం లేదు. నేను నాలుకతో 'టక్' మనిపిస్తాను. కావలసింది రెండే, చప్పుడు ఎప్పుడూ ఒకేలా ఉండాలి, మోగించాక బాకీ పెట్టకూడదు. పొరపాటున మోగించినా సరే, ముక్క ఇచ్చి తీరాలి.

ఈ పద్ధతి కుక్కల తర్ఫీదులో బాగా పాకడానికి ముందు డాల్ఫిన్ల దగ్గర నెగ్గింది. 1960లలో హవాయిలో కారెన్ ప్రయర్ డాల్ఫిన్లకు ఈల, చేపలతో నేర్పేవారు. డాల్ఫిన్‌కు గొలుసు వేయలేం, చెవి పట్టి లాగలేం, తిడితే ఈదుకుంటూ అవతలికి పోతుంది. దానికి నచ్చితే చేస్తుంది, లేకపోతే లేదు. అంత పెద్ద జంతువుకు చెయ్యి వేయకుండా నేర్పగలిగినప్పుడు, మన కాళ్ల చుట్టూ తిరిగే కుక్కకు దెబ్బ ఎందుకని అడిగినవాళ్లలో ఆమె ముఖ్యురాలు.

ఇక అరచేయి సంగతి. తలుపులు వేసున్న గది, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేని సమయం. తిండికి ముందు, ఆకలి కాస్త ఉన్నప్పుడు. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను బఠానీ గింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. శాకాహారులైతే పనీరు సరిపోతుంది, గుడ్డు తినే ఇల్లయితే ఉడికించిన గుడ్డు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం ముద్దుకు కూడా పెట్టొద్దు, కుక్కకు అవి విషం. ఖాళీ అరచేతిని దాని ముక్కుకు పక్కగా, నాలుగు వేళ్ల దూరంలో పెట్టండి. ముఖం మీదికి తోయకూడదు. ఏమిటా అని వాసన చూడటానికి ముక్కు చాస్తుంది. తడి తగలగానే టక్. రెండో చేత్తో ముక్క. అరచెయ్యి వెనక్కి. మళ్లీ పెట్టండి.

ముక్క రెండో చేతిలోనే ఎందుకుండాలంటే, లంచానికీ కూలికీ ఉన్న తేడా అదే గనక. లంచం పనికి ముందు చూపిస్తారు, కూలి పనయ్యాక ఇస్తారు. తిండి ఊపుతూ పిలిస్తే వచ్చే కుక్క, తిండి కనబడకపోతే రాదు. తాయిలాలతో నేర్పితే కుక్క చెడిపోతుందని పెద్దవాళ్లు అనేది ఈ లంచం పద్ధతిని చూసే. అందులో వాళ్ల తప్పు లేదు.

పదిసార్లలో ఎనిమిదిసార్లు ఠక్కున తాకుతుంటే దూరం పెంచండి. అడుగు, తర్వాత రెండడుగులు, తర్వాత గది అవతలి మూల. చెయ్యి కింద, చెయ్యి పైన, ఎడమ పక్క, కుడి పక్క. తాకడం మానేస్తే కుక్క మొండికేసిందని కాదు, మీరు తొందరపడ్డారని. ఒక మెట్టు దిగి రండి. ఒక్కో విడత రెండు మూడు నిమిషాలు చాలు. రోజుకు మూడు విడతలు చేసినా అంతా కలిపి పది నిమిషాలు దాటదు. అరగంట కూర్చోబెట్టి నేర్పిస్తే కుక్కకే కాదు, మనకూ విసుగు.

మాట ఇంకా చెప్పలేదు చూశారా? ముందు పని, తర్వాత పేరు. చెయ్యి పెట్టగానే తాకుతుందని నమ్మకం కుదిరాక, చెయ్యి పెట్టడానికి అరక్షణం ముందు మాట అనాలి. 'టచ్' అంటారో, 'ముట్టు' అంటారో మీ ఇష్టం, దానికి తెలుగూ రాదు, ఇంగ్లిషూ రాదు. ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి, అంతే. మా ఇంట్లో నేను 'కమ్' అనేవాణ్ణి, నాన్న 'ఇటు రా' అనేవారు, అమ్మ 'దా దా' అనేది, మా నానమ్మ 'ఛీ, పో' అంటూనే అన్నం పెట్టేది. ఆ ఇంట్లో పిలిస్తే రాలేదని నల్లోణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇంత చేసి ముక్కు తాకించడం దేనికి? మొదటి ఉపయోగం పిలుపు. రోడ్డు మీద మరో కుక్క కనిపించినప్పుడు గొలుసు పట్టి గుంజే బదులు చెయ్యి చూపిస్తే తల ఇటు తిరుగుతుంది. పశువైద్యుడి దగ్గర తూకం యంత్రం మీదికి ఎత్తి పడేయకుండా, చెయ్యి చూపి ఎక్కించవచ్చు. సూది వేసేటప్పుడు ముక్కు చేతికి ఆనించి నిలబడటం నేర్పిన కుక్కకు నోరు కట్టే అవసరం తక్కువ పడుతుంది. ఇంటికొచ్చిన చుట్టాల మీద ఎగబడే కుక్కకు, ఎగరడానికి బదులు చేయడానికి ఒక పని దొరుకుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు. చప్పుడు ఎప్పుడు మోగించాలో, మెట్టు ఎప్పుడు పెంచాలో మనకు అలవాటు కావడం ఇంకో ఎత్తు. ఈ చిన్న పనిలో కుక్క నేర్చుకునేదానికన్నా మనం నేర్చుకునేదే ఎక్కువ.

ఇప్పుడు బంతి. తెచ్చివ్వాలనే బుద్ధి కుక్కకు ఎక్కణ్ణుంచి వచ్చిందనేది ఆసక్తికరమైన ప్రశ్న. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎనిమిది వారాల తోడేలు పిల్లలు 13 ఉంటే, వాటికి ముక్కూమొహం తెలియని మనిషితో బంతి విసిరించి పిలిపించారు. చాలా పిల్లలు పట్టించుకోలేదు. మూడు మాత్రం బంతిని తెచ్చి ఆ మనిషికిచ్చాయి. 2020లో ఇది ప్రచురితమైనప్పుడు ఆ రంగంలో ఉన్నవాళ్లే ఆశ్చర్యపోయారు. ఆ గుణం మనిషి కుక్కను చేరదీశాక పుట్టించింది కాదేమో, తోడేలులో అక్కడక్కడా ఉన్నదాన్నే ఏరి పెంచాడేమో అనిపించే ఫలితమది.

ఆ ఏరి పెంచడం అన్ని జాతుల్లోనూ ఒకేలా జరగలేదు. వేటలో ఒక వరస ఉంది: చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చి తినడం. గొర్రెలు కాసే బోర్డర్ కోలీలో పొంచడం, తరమడం బలంగా ఉంటాయి, చంపడం దాకా పోదు. తుపాకీతో కొట్టిన బాతును పాడుచేయకుండా తెచ్చివ్వడానికి పెంచిన లాబ్రడార్ పట్టి మోయడంలో దిట్ట, అందుకే లాబ్ పిల్ల పుట్టుకతోనే ఏదో ఒకటి నోట పెట్టుకుని తిరుగుతుంది. మన ఊరకుక్కను ఎవరూ ఒక పని కోసం ఏరి పెంచలేదు. దానికి వేట వరస మొత్తం ఉంది, దానికి తోడు కుప్పతొట్టి నేర్పిన తెలివి ఉంది. దొరికిన ఎముకను నలుగురి మధ్య నిలబడి తినే కుక్క వీధిలో బతకదు. నోట కరుచుకోవాలి, చాటుకు పోవాలి. నల్లోడు మందారం వెనక చేసిందీ అదే. నాటు కుక్కలకు నేర్పలేమనే మాట నేను ఒప్పుకోను గానీ, లాబ్‌తో వారంలో అయ్యేది వీటితో నెల పడుతుందంటే ఒప్పుకుంటాను.

కూలి ఇస్తే ఏ జంతువైనా ఏదైనా చేస్తుందన్న ధీమాకు గట్టి దెబ్బ కొట్టింది స్కిన్నర్ శిష్యులే. కెల్లర్, మేరియన్ బ్రేలాండ్ దంపతులు ప్రదర్శనల కోసం వేలాది జంతువులకు తర్ఫీదు ఇచ్చారు. నాణేలను డిబ్బీలో వేయడం రకూన్ అనే చిన్న అడవి జంతువుకు నేర్పారు. ఒక్క నాణెం అయితే కాసేపు తటపటాయించినా చివరికి వేసింది. రెండు ఇచ్చేసరికి వదలకుండా, ఒకదానితో ఒకటి రుద్దుతూ కూర్చుంది. తిండిని నీళ్లలో రుద్దే దాని సహజ గుణం పైకొచ్చింది. కర్ర నాణేలను మోసుకెళ్లి డిబ్బీలో వేయాల్సిన పందులు, కొన్నాళ్లకు దారిలో పడేసి మూతితో కుమ్ముతూ, పైకి ఎగరేస్తూ ఉండిపోయాయి. కూలి పోతున్నా మానలేదు. 1961లో వాళ్లు ఇదంతా రాశారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మన సామెత. కుక్క బంతిని పట్టుకుని ఇవ్వకపోవడంలోనూ కొంత ఇదే ఉంది. దానికి బంతి కూలి కోసం మోసే సరుకు కాదు, పట్టిన వేట.

అందుకే తోక నుంచి, అంటే చివరి పనైన వదలడం నుంచి మొదలుపెట్టాలి. బంతి విసరకండి. గదిలో కుక్క తనంతట తాను బంతి నోట పెట్టుకున్నప్పుడు దగ్గర కూర్చుని, చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టండి. ఈ ఒక్క చోట తిండిని ముందు చూపించడం తప్పదు, నాలుగు రోజుల్లో మానేయాలి. నోరు తెరుచుకుంటుంది. బంతి పడగానే టక్, ముక్క. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, మనమంతా మరిచిపోయేది: బంతిని దానికి మళ్లీ ఇచ్చేయండి. ఇస్తే పోతుంది అనుకున్నంత కాలం ఏ కుక్కా ఇవ్వదు. ఇస్తే ముక్కా వస్తుంది, బంతీ తిరిగొస్తుంది అని తేలితే పేచీ లేదు. ఇలా కొన్నిసార్లయ్యాక 'ఇవ్వు' అనే మాట చేర్చండి. నోట్లోంచి గుంజకండి. గుంజితే అది లాగుడుపోటీ. బంతి దగ్గరికి వెళ్తే ఒళ్లు బిగబట్టి గుర్రుమనే కుక్కతో ఇంట్లో సొంత ప్రయోగాలు వద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. దాన్ని పశువైద్యుడికి చూపించి, కుక్కల ప్రవర్తన తెలిసినవాళ్ల సలహా తీసుకోండి.

ఇవ్వడం కుదిరాక, ముక్కు తాకించడం ఇక్కడ అక్కరకొస్తుంది. బంతి నోట్లో ఉండగా అరచెయ్యి చూపండి. అలవాటు కొద్దీ ముక్కు తెచ్చి ఆనిస్తుంది. ముక్కుతో పాటు బంతీ వస్తుంది కదా! అప్పుడు 'ఇవ్వు'. బంతి చేతిలో పడుతుంది. మూడు నెలలు నల్లోడి వెంట పరుగెత్తినవాణ్ణి, ఆ సాయంత్రం కుర్చీలో కదలకుండా కూర్చుని బంతి అందుకున్నాను. తర్వాత బంతిని అడుగు దూరంలో నేల మీద పెట్టాలి. తీసుకుని చేతికివ్వాలి. రెండడుగులు, నాలుగడుగులు, గది అవతల. విసరడం అన్నిటికన్నా చివర. ఇలా వెనక నుంచి అల్లుకొస్తే, ప్రతిసారీ కుక్క రాని పనిలోంచి వచ్చిన పనిలోకి, కూలి ఎక్కువగా దొరికిన చోటికి నడుస్తుంది. విసరడంతో మొదలుపెడితే జరిగేది దీనికి తలకిందులు.

బయటికి వెళ్లాక పాత బుద్ధి ఒకసారి తొంగిచూస్తుంది. బంతితో దూరంగా నిలబడి, వస్తారా రారా అన్నట్టు చూస్తుంది. అప్పుడు దాని వైపు ఒక్కడుగు కూడా వేయకండి. వెనక్కి తిరిగి మీరే పరుగెత్తండి. తరిమేవాడు లేకపోతే పారిపోవడంలో మజా లేదు, అదే మీ వెనక వస్తుంది. అచ్చం అలాంటి రెండో బంతి జేబులో ఉంటే ఇంకా మంచిది, మొదటిది చేతికొచ్చాకే రెండోది ఎగురుతుంది. బంతి పిచ్చి ఉన్న కుక్కకు కొన్నాళ్లకు చికెన్ అక్కర్లేదు, మళ్లీ విసరడమే కూలి. నల్లోడికి మాత్రం ఈనాటికీ ముక్కే కావాలి.

ఇంత ఓపిక ఎవరికుంది, నాలుగు తగిలిస్తే దారికొస్తుందనేవాళ్లు ఉంటారు. వేటకుక్కలకు చెవి నులిమి, నొప్పికి నోరు తెరవగానే వస్తువు నోట పెట్టి, పట్టుకున్నాక చెవి వదిలే పద్ధతి విదేశాల్లో ఎప్పటినుంచో ఉంది. పని జరగదని నేననను. 2020లో పోర్చుగల్ పరిశోధకులు తర్ఫీదు బడులకు వెళ్లే 92 పెంపుడు కుక్కలను పోల్చి చూశారు. గుంజడం, గద్దించడం ఎక్కువగా ఉన్న బడుల కుక్కల్లో బెదురు, ఒత్తిడి చేష్టలు ఎక్కువ, తర్ఫీదు తర్వాత లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసోల్ హార్మోను ఎక్కువ. గిన్నెలో తిండి ఉందో లేదో తేలని చోట పెడితే, అవి ఉండదులే అన్నట్టు మెల్లగా నడిచాయి. పెరట్లో సరదా కోసం ఆడే ఆటకు అంత ఖరీదు ఎందుకో నాకు అర్థం కాదు.

బంతి విషయంలో జాగ్రత్తలు కొన్నే. గొంతులోకి జారేంత చిన్నది వద్దు. టెన్నిస్ బంతి పైనున్న నూగు పళ్లను అరగదీస్తుంది, రోజూ నమలనివ్వొద్దు. పుల్లలు విసరొద్దు, పరుగులో అంగిట్లో గుచ్చుకుంటాయి. మన దగ్గర అన్నిటికన్నా పెద్ద శత్రువు ఎండ. కుక్కకు చెమట పట్టేది పాదాల కింద కాస్తే, మిగతా వేడంతా రొప్పుతూ వదలాలి. బంతి పిచ్చిలో అలసట తెలియక పడిపోయే దాకా పరుగెత్తే కుక్కలున్నాయి, ఆపాల్సింది మనమే. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఆరులోపు, అదీ పది విసుర్లు. సిమెంటు రోడ్డు మీద మీ చేతి వెనకభాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే, దాని పాదాలూ ఆనలేవు.

పని గట్టిపడ్డాక ప్రతిసారీ ముక్క ఇవ్వక్కర్లేదు. ఒకసారి ఇచ్చి, రెండుసార్లు మెచ్చుకోలుతో సరిపెట్టి, మళ్లీ ఒకసారి రెండు ముక్కలిస్తే కుక్క ఆశతో ఇంకా గట్టిగా పనిచేస్తుంది. నల్లోడు ఈ లెక్కను నాకన్నా బాగా పట్టాడు. ఇప్పుడు చెప్పులు ఎత్తుకుపోవడం లేదు. గుమ్మం దగ్గరి నుంచి ఒక్కొక్కటే తెచ్చి నాన్న చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుంటాడు. ఎవరూ తెమ్మనలేదు. నాన్న కాసేపు పేపరు చదువుతున్నట్టు నటిస్తారు, తర్వాత లేచి ఫ్రిజ్ వైపు నడుస్తారు. వాడు రెండో చెప్పు కోసం వెళ్తాడు.